మూత పెట్టిన చెయ్యి

"నీ కాళ్ళు మొక్కుత సిస్టరమ్మా! నా మొగడు చీమను గూడ తొక్కనోడు. నీ బిడ్డను నూకుతడా? ఒక్కసారి నా మొకం చూసి చెప్పు!"

నాంపల్లి కోర్టు గేటు ముందు, పట్టపగలు, అంత జనంలో బాలమణి ప్రేమలీల కాళ్ళను రెండు చేతులా చుట్టేసుకుంది. వకీళ్ళు ఆగి చూస్తున్నారు. జిరాక్సు కొట్టువాడు మెడ చాచి చూస్తున్నాడు. ప్రేమలీల కదల్లేదు. కూతుర్ని పాతిపెట్టి పదిహేను రోజులైంది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు.

ప్రేమలీల కొడుకు మైకేల్ వంగి బాలమణి చేతులు విడదీశాడు.

"లెవ్వు, లెవ్వు. ఏమన్నా ఉంటే లోపల జడ్జి సారుకు చెప్పుకో. పోయింది మా అక్క. నీకు సమజైతుందా?"

అప్పుడే పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య బాలమణి భర్త పరశురాం దిగాడు. వాచ్‌మన్ ఖాకీ చొక్కా లేకపోయేసరికి మనిషి సగానికి సగం తగ్గినట్టున్నాడు. ప్రేమలీలను చూడగానే చేతులు జోడించాడు.

"సిస్టరమ్మా, లొల్లి విని ఉరికిన. నేను పైకి పోయేటాల్లకు ఆడ ఎవ్వరు లేరు. నా పిల్లల మీద ఒట్టు."

"నడువ్, నడువ్," అని కానిస్టేబుల్ భుజం తోశాడు.

ఇన్‌స్పెక్టర్ కిషన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మా, భోజనాల తర్వాత మన కేసు పిలుస్తారు. వాడి వకీలు బెయిలు అడుగుతున్నాడు. మీరు నిలబడి, పైనుంచి వాడొక్కడే దిగడం చూశానని చెప్పండి చాలు. మీ మాట మీదే ఉంది కేసంతా."

అది నిజం. కేసంతా ఆమె మాట మీదే నిలబడింది.

అబిడ్స్‌లో ఒక పాత నాలుగంతస్తుల భవనంలో వాళ్ళ కాపురం. భర్త ప్రభుదాస్ పోయాక బషీర్‌బాగ్‌లో ఒక నర్సింగ్ హోంలో డ్యూటీలు చేస్తూ ప్రేమలీల ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెద్దది స్టెఫీ, కళ్ళజోళ్ళ షాపులో పని. చిన్నవాడు మైకేల్, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. స్టెఫీకి చీరల పిచ్చి లేదు, సినిమాల పిచ్చి లేదు. ఉన్నదల్లా ఒక చిన్న టెలిస్కోపు. మోచేతి పొడవు తెల్లటి గొట్టం, ముందు ఒక అద్దం, వెనక కెమెరా. మొత్తం సరంజామా వీపు సంచిలో పట్టేస్తుంది. షాపు నుంచి రాగానే అది భుజాన వేసుకుని డాబా ఎక్కేది. డాబా తాళం కోసం రోజూ పరశురాంతో గొడవే. ఓనరు తిడుతున్నాడమ్మా అని వాడూ, ఓనర్ని నాతో మాట్లాడమను అని ఇదీ. భవనంలో అందరూ విన్న గొడవే అది.

ఆ సాయంత్రం, షాపులు ఇంకా మూయకముందే, స్టెఫీ డాబా మీంచి రోడ్డు మీద పడింది. ఎదుటి మిఠాయి కొట్టు కెమెరాలో రికార్డయింది. పిట్టగోడ వెనక ఒక్క క్షణం ఇంకో మనిషి కదిలినట్టు కూడా ఉంది. ముఖం లేదు. ఉత్త నీడ.

డ్యూటీ నుంచి వచ్చిన ప్రేమలీలకు గేటు ముందు గుంపు కనిపించింది. గుంపును తోసుకుని వెళ్ళి, నర్సు కనుక ముందు నాడి పట్టుకుంది. లేదు. తలెత్తేసరికి మెట్ల మీంచి పరశురాం దిగుతున్నాడు. చేతిలో డాబా తాళం, ఒళ్ళంతా వణుకు. పోలీసులకు ఆమె చెప్పింది ఆ ఒక్క ముక్కే. వాళ్ళకు అది చాలింది.

ఇవాళ కూడా అదే చెప్పడానికి వచ్చింది.

చేతిసంచిలో ఫోను మోగింది. హైందవి.

"ఆంటీ, లోపలికి వెళ్ళిపోయారా? వెళ్ళకండి. స్టేషన్ రోడ్డులో ఇరానీ హోటల్లో ఉన్నా. ఒకటి చూపించాలి. అది చూశాకే వెళ్ళండి. మీరొక్కరే రండి."

*

హైందవి కాలేజీ రోజుల నుంచి స్టెఫీ నేస్తం. వాళ్ళ తాతలు ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి బషీర్‌బాగ్‌లో స్థిరపడ్డారు. స్టెఫీ డాబా మీద ఫోటోలు తీసేది. అవి తీసినవి తీసినట్టు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పడేవి. హైందవి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని ఒక బొమ్మగా కూర్చేది. స్టెఫీ పోయిన రోజున ఆమె విజయవాడలో ఉంది. అంత్యక్రియలకు అందుకోలేకపోయింది. ఆ బాధ ముఖంలో ఇంకా పచ్చిగానే ఉంది.

"కూర్చోండి ఆంటీ. భయ్యా, దో చాయ్!" అని లాప్‌టాప్ తిప్పింది. "ముందు ఇది చూడండి."

తెర నిండా గులాబీ రంగు మబ్బు. చీకట్లో రెక్కలు విప్పుకున్న పక్షిలా ఉంది. దాని నడుమ నాలుగు నక్షత్రాలు గుత్తిగా మెరుస్తున్నాయి.

"ఇదేంది?"

"ఓరియన్ నెబ్యులా. నక్షత్రాలు పుట్టే చోటు. స్టెఫీ చివరగా తీసింది. మన అబిడ్స్ లైట్లకి ఒక్క ఫోటోలో ఏమీ కనబడదు కదా, అందుకని అర నిమిషం చొప్పున వందల ఫోటోలు తీస్తాం. అన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే లోపల దాగున్నది బయటికొస్తుంది. రేపు సంస్మరణ కూడికలో పెడదామని, నిన్ననే ధైర్యం చేసి ఫోల్డర్ తెరిచా."

ప్రేమలీల తెర మీద వేలు పెట్టింది. చెంప నిమిరినట్టు నిమిరింది. తన కూతురు చూసిన చివరి వస్తువు ఇంత అందంగా ఉందని ఆమెకు తెలియదు.

"దీనికోసం పిలవలేదాంటీ," అంది హైందవి. "విడివిడి ఫోటోలు చూడండి."

మీట నొక్కుతూ ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు. మళ్ళీ అవే చుక్కలు. మళ్ళీ అవే. హఠాత్తుగా చుక్కలన్నీ సాగి గీతలయ్యాయి, గాజు మీద గోరుతో గీకినట్టు.

"ఇక్కడ ఎవరో టెలిస్కోపు స్టాండు లాగారు. ఇది స్టెఫీ పడిన నిమిషం. మిఠాయి కొట్టు కెమెరా టైమూ, ఈ టైమూ ఒకటే."

ప్రేమలీల బల్ల అంచు పట్టుకుంది.

తర్వాతి ఫోటోలో మసకమసకగా ఒక పెద్ద వెలుగు చక్రం. "గొట్టం కిందికి వాలిపోయింది. ఇది నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్. దీని తర్వాతది కూడా అదే. ఇప్పుడు చూడండి."

నలుపు. మళ్ళీ నలుపు. వరసగా అన్నీ నలుపే.

"కెమెరా చెడిపోయిందా?"

"లేదు. స్టెఫీ పడిపోయిన తర్వాత ఎవరో టెలిస్కోపుకి మూత పెట్టారు."

సర్వర్ చాయ్ కప్పులు చప్పుడు చేస్తూ పెట్టి వెళ్ళాడు. ఇద్దరూ ముట్టుకోలేదు.

"పరశురామే పెట్టి ఉంటడు," అంది ప్రేమలీల.

"ఎందుకు పెడతాడాంటీ? మనిషిని తోసేసినవాడు పారిపోతాడు. కాదంటే కెమెరా పీకి పారేస్తాడు. మూత పెట్టి, కెమెరాని ఆపకుండా నడవనివ్వడం మా పద్ధతి. పని ముగిసేటప్పుడు అలా కొన్ని నల్ల ఫోటోలు తీస్తాం. కెమెరా వేడెక్కితే బొమ్మలో మచ్చలొస్తాయి. నల్ల ఫోటోల్లో ఆ మచ్చలు మాత్రమే ఉంటాయి. అసలు బొమ్మలోంచి వాటిని తీసేస్తే శుభ్రమవుతుంది, ఇందాకటి బొమ్మ అలాగే చేశా. అది తెలియనివాడికి ఆ ఆలోచనే రాదు." హైందవి తెర మీదికి వంగింది. "ఇంకొకటి. ఆ మూత కాస్త వదులుగా ఉంటుంది. నుమాయిష్ నడిచే రోజుల్లో సందులోంచి వెలుగు దూరుతుంది. ఇవి చూడండి, కాటుకలా ఉన్నాయి. మూత మీద ఇంకేదో కప్పారు. స్టెఫీ ఏదో కప్పేదని తెలుసు గానీ ఏమిటో నేనెప్పుడూ అడగలేదు."

అడగక్కరలేదు. ప్రేమలీలకు తెలుసు.

మంకీ క్యాప్. నల్ల ఉన్నిది. మైకేల్ ఐదో తరగతిలో ఉండగా దగ్గుతున్నాడని సుల్తాన్ బజార్‌లో తనే కొన్నది. చెవి దగ్గర పోగు లేస్తే నీలం దారంతో కుట్టింది కూడా తనే. వాడు పెద్దయ్యాక అది టెలిస్కోపుకు వచ్చింది. "తమ్ముడు వద్దన్నది నా పోరగాడు పెట్టుకున్నడు మమ్మీ," అని స్టెఫీ నవ్వేది. మైకేల్ అక్క వెంట డాబా మీదికి పోతే వాడికి అప్పగించే పని ఒక్కటే. చెప్పగానే మూత పెట్టడం, టోపీ తొడగడం. "కెమెరా ముట్టుకున్నవో, చేతులు ఇరగ్గొడ్త" అనేది స్టెఫీ. వాడు సైనికుడిలా సెల్యూట్ కొట్టేవాడు.

ఆ సాయంత్రం పోలీసులతో డాబా ఎక్కినప్పుడు కూడా ఆమె దాన్ని చూసింది. తెల్ల గొట్టం తలకు టోపీ పెట్టుకుని, పిట్టగోడకు ఆనుకుని, చలికి ముడుచుకున్న పిల్లాడిలా నిలబడి ఉంది. పని ముగించుకుంది నా బిడ్డ, అంతే అనుకుంది. అంతకుమించి ఆలోచించే స్థితి కాదది.

ఇప్పుడు ఆలోచన దానంతటదే నడిచి వచ్చింది.

ఆ టోపీ ముందు రోజే ఆమె ఉతికింది. డాబా మీద పావురాలు పాడుచేశాయని. స్టెఫీ పడిన రోజు పొద్దున, తను అప్పటికే షాపుకు వెళ్ళిపోయింది. ఆరిన టోపీని ప్రేమలీల మైకేల్ చేతిలో పెట్టింది. "అక్క కనిపిస్తే ఇయ్యి." వాడు బ్యాగులో కుక్కుకున్నాడు.

పోలీసులకు మైకేల్ ఏం చెప్పాడు? పొద్దున ఇల్లు విడిచాక అక్కను మళ్ళీ చూడనేలేదని. కాలేజీ నుంచి తిన్నగా సికింద్రాబాద్‌లో చర్చి పాటల ప్రాక్టీసుకు పోయానని.

"ఆంటీ?" హైందవి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ పద్ధతి తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"తెల్వది," అంది ప్రేమలీల.

జీవితంలో ఎంతోమంది రోగుల ఇంటివాళ్ళకు ఎన్నో నిజాలు చెప్పిన మనిషి. ఆ ఒక్క అబద్ధానికి నాలుక ఎండిపోయింది.

"ఇవి పోలీసులకిస్తా. కానీ మూత ఎప్పుడు పడిందో ఇవి చెబుతాయి గాని ఎవరు పెట్టారో చెప్పవు. పరశురామే చూసి నేర్చుకున్నాడంటారు. కాదనడానికి మన దగ్గర ఏముంది?"

ప్రేమలీల లేచింది. ఉన్నది తన దగ్గరే. ప్రపంచం మొత్తం మీద తన ఒక్కదాని దగ్గరే. నోరు మూసుకుంటే పరశురాం లోపలుంటాడు, మైకేల్ ఇంటికొస్తాడు. నోరు తెరిస్తే ఇంటికి వచ్చేవాళ్ళెవరూ లేరు.

*

కోర్టు ఆవరణలో సిమెంటు బెంచీ మీద మైకేల్ ఎదురు చూస్తున్నాడు. పక్కన ఇడ్లీ పొట్లం, నీళ్ళ సీసా.

"ఏడికి పోయినవ్ మమ్మీ? పొద్దటి సంది ఏం తినలే నువ్వు. జర రెండన్నా తిను, బీపీ గోలీ ఏసుకోవాలె గదా."

పొట్లం విప్పి, చట్నీ కారకుండా ఆకు అంచు మడిచి ఆమె ఒళ్ళో పెట్టాడు. వేళ్ళు సన్నగా, పొడుగ్గా, అచ్చం ప్రభుదాస్ వేళ్ళలా ఉన్నాయి. ప్రేమలీల వాటినే చూస్తూ కూర్చుంది.

"మంకీ క్యాప్ ఏడున్నదిరా?"

"ఏ మంకీ క్యాప్?"

"నల్లది. ఆ రోజు పొద్దున నీ చేతిల పెట్టిన. అక్కకియ్యమని."

మైకేల్ నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు. ఎంత తిప్పినా అది రావడం లేదు.

"బ్యాగులనే ఉండొచ్చు. చూడలే."

"నేను చూసిన. ఆ రోజే చూసిన, టెలిస్కోపు మీద. అక్క పడ్డంక పెట్టిన్రంట దాన్ని. కెమెరా చెప్తుంది."

సీసా చేతిలోంచి జారి కింద పడింది. వాడు తీయడానికి వంగి, అలాగే వంగి ఉండిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చుట్టూ జనం నడుస్తున్నారు. పల్లీలమ్మేవాడు అరుస్తున్నాడు.

"కాలేజీ బంజేసి ఏడాదైంది మమ్మీ." మాట నేలకు చెబుతున్నట్టుంది. "అక్కకు ఎట్లనో తెలిసింది. ఇయ్యాల మమ్మీకి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా అన్నది. కాళ్ళు పట్టుకున్న. ఇనలే. టోపీ తీస్కొని పక్కన పెట్టింది, కెమెరా దిక్కు తిరిగింది. నా దిక్కు చూస్తనే లేదు. కోపమొచ్చి స్టాండు పట్టి గుంజిన. గంతే మమ్మీ. అక్కను ముట్టలే. స్టాండు పిట్టగోడ దిక్కు ఒరిగింది. అక్క ఉరికి దాన్ని పట్టుకున్నది. అది ఆగింది." వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "అక్క ఆగలే."

ప్రేమలీల కళ్ళు మూసుకుంది. ఆమె నోట ప్రార్థన రాలేదు. ఏడుపూ రాలేదు.

"మూత ఎందుకు పెట్టినవ్?"

"తెల్వది. కిందికి చూసిన, మల్ల చూడలేకపోయిన. ఎన్కకు తిరిగితే కెమెరా ఇంక టిక్ టిక్ అంటనే ఉన్నది. అక్క చెప్పేది గదా, అయిపోతే మూత పెట్టు, టోపీ తొడుగు, కెమెరా ముట్టకు అని. చేతులే పెట్టినయ్ మమ్మీ. నాకు తెల్వకుండనే పెట్టినయ్. పరశురాం ముందు మెట్లెక్కుతున్న సప్పుడైంది. ఎన్క మెట్ల నుంచి గల్లీలకు ఉరికిన."

"పదిహేను రోజుల సంది ఆ మనిషి జైల్ల ఉన్నడు. నా పక్కన పండుకున్నవ్ నువ్వు. నేను ఏడుస్తుంటే నా కండ్లు తుడిచినవ్."

"భయమైంది మమ్మీ."

"మరి ఇయ్యాల పొద్దున బాలమణి చేతులు గుంజి పడేసినవ్ గదరా. అప్పుడు గూడ భయమేనా?"

వాడు ఆమె మోకాళ్ళ మీద తల పెట్టేశాడు. వద్దనుకున్నా ఆమె చెయ్యి ఆ జుట్టులోకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఆపడం ఆమె వల్ల కాలేదు.

"నువ్వు తీసిన నల్ల ఫోటోలు పనికొచ్చినయంట," అంది నెమ్మదిగా. "అక్క బొమ్మ శుభ్రంగొచ్చింది. హైందవి చూపిచ్చింది. శాన మంచిగున్నది."

మైకేల్ గొంతులోంచి మనిషి అరుపులా లేని శబ్దమొకటి వచ్చింది.

వాడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం అప్పటికే మారిపోయింది. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి చెప్పొద్దని బతిమాలిన గొంతు.

"టోపీ ముచ్చట ఎవ్వరికి తెల్వది మమ్మీ. నీకు తప్ప. నీకు నేనొక్కన్నే మిగిలిన."

"ఔ," అంది ప్రేమలీల. "నువ్వొక్కనివే మిగిలినవ్."

కోర్టు బంట్రోతు గుమ్మంలోకి వచ్చి కేసు పిలిచాడు. ఆమె ఇడ్లీ పొట్లం జాగ్రత్తగా మడిచి బెంచీ మీద పెట్టింది. లేచి చీర సర్దుకుంది.

"లోపలికి రా. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

అక్క మాటే. అక్షరం తేడా లేదు. మైకేల్ ముఖం తెల్లబోయింది.

*

కోర్టు హాలు ఇరుకు. ఫ్యాను కిర్రుమంటోంది. పరశురాం ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడవార బాలమణి కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక బెంచీలో మైకేల్, తలుపుకు దగ్గరగా.

వాచ్‌మన్ తరఫు వకీలు ఏదో చదివాడు. ప్రభుత్వ ప్లీడరు లేచాడు. "అయ్యా, చనిపోయిన అమ్మాయి తల్లి ఇక్కడే ఉన్నారు. ముద్దాయి పైనుంచి దిగడం కళ్ళారా చూశారు. వారి అభ్యంతరం కూడా వినాలని మనవి."

"రండమ్మా," అన్నాడు మేజిస్ట్రేటు. "చెప్పండి. భయపడకండి."

ప్రేమలీల ముందుకు నడిచింది. బోను చెక్క కమ్మీ పట్టుకుంది.

"పరశురాం దిగుతుంటే చూసిన సార్. అది నిజమే. కానీ నా బిడ్డ పడ్డప్పుడు పైన ఉన్నది ఈయన కాదు."

హాలులో గుసగుసలు. ఇన్‌స్పెక్టర్ కిషన్ గబుక్కున తలెత్తాడు. ప్లీడరు ఆమె దగ్గరికి వంగి, "అమ్మా, ఏం మాట్లాడుతున్నారు?" అన్నాడు.

"నా బిడ్డ టెలిస్కోపుకు మూత పెట్టి, దాని మీద ఉన్ని టోపీ తొడిగిన్రు. అది పడిపోయినంక. ఆ టైము కెమెరాల ఉన్నది, హైందవి అని పిల్ల తెస్తది. ఆ టోపీ ఆ రోజు పొద్దున నా చేతులతోని నేనే ఒకరికిచ్చిన. ఆ మూత పెట్టుడు, టోపీ తొడుగుడు ఆ మనిషికి నా బిడ్డనే నేర్పింది."

"ఎవరమ్మా ఆ మనిషి?"

ప్రేమలీల వెనక్కి తిరిగింది.

మైకేల్ బెంచీ అంచు పట్టుకుని సగం లేచాడు. పెదవులు కదిలాయి. ఆమె ఆగింది. మేజిస్ట్రేటు ఎదురు చూస్తున్నా, ప్లీడరు దగ్గినా ఆగింది. వాడే చెబుతాడేమోనని ఊపిరి బిగబట్టి, ఆ రెండు కళ్ళలోకి చూస్తూ, ఒక తల్లి ఎంతసేపు ఆగగలదో అంతసేపూ ఆగింది. వాడి కళ్ళు వాలిపోయాయి. మళ్ళీ కూర్చున్నాడు.

ఆమె మేజిస్ట్రేటు వైపు తిరిగింది. చర్చిలో బాప్తిస్మం రోజున పాస్టరు అడిగితే పేరు చెప్పినట్టే, స్పష్టంగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"మైకేల్. నా కొడుకు మైకేల్ ప్రభుదాస్."